కావలివాఁడు లేని ద్వారము

పూర్వము దొంగ వచ్చిన జాడ గోడకుఁ బడిన కన్నమే తెలుపుచుండెను. ఇప్పటి దొంగ కన్నము వేయఁడు; తాళము సంపాదించుకొని ద్వారముననే వచ్చును. 2022 జనవరిలో మన హైదరాబాదునందలి ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు మించిన ధనము ఇట్లే పోయెను. 2021 నవంబరులో ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్లే దొంగలకుఁ ద్రోవ చూపినవనియు, చొరబాటును కనిపెట్టు సాధనము బ్యాంకునందు లేకుండెననియు పోలీసువారు ప్రకటించిరి. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జుల్మానా విధించెను.

సాధనము కొనినఁ జాలునని పలువు రందురు. నేనట్లు తలంపను. సాయంకాలమున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషనులో సంచులను పరీక్షించువారిని చూడుఁడు. జనము పెరిగినకొలఁది వారి చూపు పలుచనగును. సెకనుకు 10 గిగాబిట్లు పాఱు తీగలో అతిచిన్న ప్యాకెట్లు సెకనుకు 1 కోటి 48 లక్షలు రాఁగలవు. ఒక్కొక్కదానిని చూచుటకు చిక్కు కాలము 67 నానోసెకనులు. యంత్రము వెనుకఁబడెనా, కొన్ని చూడఁబడకయే పోవును. అందుచేఁ బనిని పెక్కు యంత్రములకుఁ బంచుదురు. అప్పుడు ఒక సంభాషణకుఁ జెందిన ప్యాకెట్లన్నియు ఒకే యంత్రమునకుఁ బోవలెను, లేనియెడల తునుకలుగా వచ్చు మోసము ఎవరికిని కనఁబడదు. పైఁగా నేఁడు వ్రాఁతలో చాలభాగము గుప్తలిపిలో నుండును. లక్ష ప్యాకెట్లలో ఒకదానిని పొరపాటున దొంగయని యెంచినను, ఆ వేగమున సెకనుకు 148 కేకలు! అట్టి కేకల నెవ్వ రాలకింతురు?

ఈ బ్యాంకు విషయమున మోసపుటుత్తరములకును దొంగతనమునకును నడుమ రెండు నెలలు గడచినవి. ద్వారమునఁ దప్పించుకొన్నవాఁడు లోపల తొందరపడలేదు. అకాలమున ప్రవేశించిన ఉద్యోగి పేరు, అలవాటు లేని చెల్లింపు, వీనిని గుర్తించుటకు గొప్ప వేగ మక్కఱలేదు. ఆ బ్యాంకు వాడుక నెఱిఁగి, ప్రతిదినము చిట్టా చదువు మనుష్యుఁడు కావలెను.

నియమములకుఁ గొఱఁత లేదు. 2019లోనే రిజర్వు బ్యాంకు సహకార బ్యాంకులకు వాని స్థాయినిబట్టి కంప్యూటరు రక్షణ విధులను నిర్ణయించెను. కొఱఁత మనుష్యులకే. దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వఱకు శిక్షణాలయముల పలకలు చదివినచో ప్రోగ్రాములు వ్రాయ నేర్పుదుమనునవే మెండు. తల్లిదండ్రు లడుగని విద్యను వారేల నేర్పుదురు? మన పై తరగతుల బాలబాలికలలో ఓర్పుగలవారు ఈ కావలి విద్యను కోరి యభ్యసింపవలెను; చిన్న బ్యాంకులు ఒంటిగా భరింపలేనిచో నాలుగైదు కలిసియైనను వారికి జీతమిచ్చి నిలుపుకొనవలెను.