రోజుకో పావుగంట రియాజ్

ముప్ఫై దాటిన మన దోస్తుల్లో ఎవరినైనా అడిగి చూడండి. "ఒకప్పుడు బ్యాడ్మింటన్ బాగా ఆడేవాడివి కదా, ఇప్పుడేమైంది?" అంటే, "ఫుర్సత్ ఏదీ భాయ్!" అనే జవాబే వస్తుంది. నౌకరీ, దుకాణం, పిల్లల ఫీజులు, అమ్మీని దవాఖానాకు తీసుకెళ్లడం... అందులో అబద్ధమేమీ లేదు. కానీ కొత్త హునర్ సంపాదించుకోవడం వేరు, చేతిలో ఉన్న హునర్‌ని నిలబెట్టుకోవడం వేరు. మొదటిదానికి గంటలు కావాలి. రెండోదానికి రోజుకో పావుగంట చాలు, నాగా పడకపోతే. ఆ పావుగంట ఇంట్లో ఎవరికి దక్కుతోందన్నదే అసలు సవాల్.

ముందు ఇత్వార్ ఆటగాళ్ల సంగతి చూద్దాం. వారమంతా రాకెట్ ముట్టరు. ఇత్వార్ పొద్దున కోర్టు కిరాయికి తీసుకుని మూడు గంటలు డబుల్స్ ఆడతారు. అందులో సగం వక్త్ బెంచీ మీద గప్‌షప్‌లోనే పోతుంది. మిగతా సగంలో ఎవరికి వచ్చిన షాట్ వాళ్లు కొడతారు. స్మాష్ వచ్చినవాడు స్మాషే కొడతాడు, బ్యాక్‌హ్యాండ్ రానివాడు దాన్నుంచి తప్పించుకు తిరుగుతాడు. మజా ఉంది, మొహబ్బత్ ఉంది, నేనూ కాదనను. కానీ అది ఆట, రియాజ్ కాదు. పైగా ఆరు రోజులు కుర్చీలో కూర్చున్న ఒళ్లు ఏడో రోజు ఒక్కసారిగా ఎగిరితే మడమ వెనకాల ఉండే అకిలిస్ స్నాయువు తెగే ఖత్రా ఉంటుంది. నడివయసులో బ్యాడ్మింటన్ ఆడేవాళ్లకు ఈ దెబ్బ కొత్తేమీ కాదు.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు 'మష్క్' అనే మాట గుర్తుండే ఉంటుంది. ఖుష్‌ఖత్ కోసం ఉస్తాద్ రోజూ కొన్ని సతర్లు రాయించేవారు. వారమంతా ఊరుకుని జుమేరాత్ రాత్రి పది పేజీలు నింపితే చెయ్యి నొప్పి పుట్టేదే తప్ప ఖత్ బాగుపడేది కాదు. రాకెట్ సంగతీ అంతే.

కోర్టు దొరకదన్నది ఇంకో బహానా. ప్రకాశ్ పడుకోణె చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది బెంగళూరు మల్లేశ్వరంలోని కెనరా యూనియన్ హాల్లో. అది పెళ్లిళ్లు జరిగే హాలు. షాదీ ఉన్న రోజు ఆట బంద్. ఆ కుర్రాడే 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 2001లో అదే టైటిల్ గెలిచిన గోపీచంద్ మన హైదరాబాద్ ఉస్తాద్ ఎస్.ఎం. ఆరిఫ్ సాబ్ షాగిర్ద్. ఆరిఫ్ సాబ్‌కు 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ దక్కాయి. వాళ్లంత మెహనత్ మనవల్ల కాదు, మనకు అవసరమూ లేదు. మనం కాపాడుకోవాల్సింది మన దగ్గరున్నదే.

ఆట ఆపేస్తే ముందు మందగించేవి కాళ్లు. ఆ తర్వాత టైమింగ్ పోతుంది. స్ట్రోక్ మాత్రం చేతికి చాలాకాలం గుర్తుంటుంది. కాబట్టి పావుగంటను ఇలా పంచుకోండి.

మొదటి ఆరు నిమిషాలు కాళ్లకు. సింగిల్స్‌లో మన వైపు సగం కోర్టు 6.7 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు. మిద్దె మీద అంత జాగా లేకపోతే ఉన్నంతలోనే ఆరు మూలలు అనుకోండి: ముందు రెండు, పక్కల రెండు, వెనక రెండు. షటిల్ అక్కర్లేదు. మధ్యలో చిన్న గెంతు వేసి ఒక మూలకు వెళ్లాలి, ఉత్తుత్తి షాట్ కొట్టాలి, మళ్లీ మధ్యకు రావాలి. మొదటి రౌండు నెమ్మదిగా మొదలుపెట్టి ఒళ్లు వేడెక్కాక వేగం పెంచండి. అర నిమిషం కదలిక, అర నిమిషం ఆరామ్, ఇలా ఆరు సార్లు.

తర్వాత నాలుగు నిమిషాలు గోడతో. పాత షటిల్‌ని గోడకు కొడుతూ ఫోర్‌హ్యాండ్ నుంచి బ్యాక్‌హ్యాండ్‌కు పట్టు మారుస్తూ ఉండాలి. పట్టు వదులుగా ఉండాలి, కొట్టే క్షణంలోనే బిగించాలి.

చివరి ఐదు నిమిషాలు సర్వీస్‌కు. గాలి తగలని వరండాలో 1.52 మీటర్ల ఎత్తున తాడు కట్టండి. నెట్ మధ్యలో ఉండే ఎత్తు అదే. రెండు మీటర్ల వెనక నిలబడి, తాడును దాదాపు రాసుకుంటూ వెళ్లి అవతల రెండు మీటర్లు దాటాక పడేలా షార్ట్ సర్వ్ చేయండి. 2018 నుంచి అమల్లో ఉన్న కాయిదా ప్రకారం, సర్వ్ కొట్టేటప్పుడు షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలి. గోడ మీద అక్కడో గీత గీసుకుంటే సరిపోతుంది.

ఇత్వార్ ఆట మానొద్దు. అందులో మొదటి ఇరవై నిమిషాలు మాత్రం స్కోరు లేకుండా ఆడండి. దోస్త్‌ని మీ కమ్‌జోర్ మూలకే షటిల్ వేయమనండి. పది నిమిషాల తర్వాత మీరు అతనికి వేయండి.

ఇక అసలు సవాల్. మన ఇళ్లలో ఎందరో ఆపాలు, భాబీలు స్కూల్ రోజుల్లో బ్యాడ్మింటన్ ఆడినవాళ్లే. నికాహ్ తర్వాత ఆ రాకెట్ అల్మారా మీదికెక్కుతుంది, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. మియాఁ ఇత్వార్ మూడు గంటలు ఆడొస్తే అది ఆయన హక్. వారమంతా కష్టపడ్డాడు పాపం అంటారు. బీవీ మిద్దె మీద పావుగంట కాళ్లు కదిపితే అది షౌక్, ఈ వయసులో ఇదేం సరదా అంటారు. వారమంతా కష్టపడింది ఆమె కూడా కదా! పిల్లల్ని బడికి పంపి, అత్తమ్మకు దవా ఇచ్చి, దస్తర్‌ఖాన్ ఎత్తేసరికి ఆమె దగ్గర మిగిలేది ముక్కలు ముక్కల వక్త్. ఆ ముక్కల్లో కూడా ఇమడగలిగేది ఈ పావుగంట రియాజే. కాబట్టి దీని ఫాయిదా మగవాళ్లకంటే ఆమెకే ఎక్కువ. కాకపోతే ఆ పదిహేను నిమిషాలు పొయ్యి మీద చాయ్ ఎవరు చూస్తారు, ఏడ్చే చంటిదాన్ని ఎవరు ఎత్తుకుంటారు అన్నది ఇంట్లో తేల్చాలి. ఆమె అడిగేదాకా ఆగకుండా మియాఁనే తేల్చాలి.

ఎదుగుతున్న బేటీలు ఇదంతా చూస్తూనే ఉంటారు. అమ్మీ రాకెట్ అల్మారా మీదే ఉంటే, తన రాకెట్ కూడా ఎప్పటికి అక్కడికి చేరుతుందో బేటీకి ఇప్పుడే అర్థమైపోతుంది. ఈ ఇత్వార్ కోర్టుకు బయల్దేరే ముందు స్టూలు వేసుకుని ఆ రాకెట్ దించండి భాయ్. తీగలు వదులైతే దుకాణంలో బిగించి ఇస్తారు. పట్టుకు కొత్త గ్రిప్ చుట్టించండి. సోమవారం నుంచి ఆ పావుగంట చాయ్ బాధ్యత మీదే.