మైకు ఆపితే ఎవరి గొంతు వినబడుతుంది?



పోయిన నెల ఆరాధన అయ్యాక, బీడీలు చుట్టే ఒక అక్క మా దగ్గరికి వచ్చింది. "మూడు ఆదివారాల సంది చెప్పుదామనుకుంటున్న పాస్టరయ్యా, సందు దొరుకతలేదు" అన్నది. కొడుకు ఇల్లు విడిచి ఏడాదైందట, వాని కోసం ప్రార్థన చేయాలట. ఆమె చెప్పాలనుకున్నది అంతే. ఆ మూడు వారాలూ మేము పాడాం, ప్రసంగించాం, ప్రకటనలు చదివాం. ఆమె ఒక్క మాటకు మాత్రం చోటు లేకపోయింది. ఆ తప్పు మాదే.

అప్పటినుంచి క్వేకర్ల సంగతి మా మనసులో మెదులుతోంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ బోధతో మొదలైన సమాజం అది. క్వేకర్లు అంటే వణికేవాళ్లు. అది లోకులు వెక్కిరిస్తూ పెట్టిన పేరు. వాళ్లు మాత్రం తమను స్నేహితులని పిలుచుకుంటారు. యోహాను 15:15 చదివితే ఆ పేరులోని మాధుర్యం తెలుస్తుంది.

వాళ్లలో అందరి ఆరాధనా ఒకేలా ఉండదు. పాటలు, పాస్టర్లు ఉన్న సంఘాలూ ఉన్నాయి. పాత పద్ధతిలో మాత్రం అందరూ కలిసి మౌనంగా కూర్చుంటారు. దేవుడు ఎవరినైనా ప్రేరేపిస్తే, స్త్రీ గానీ పురుషుడు గానీ, లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. స్త్రీలు దేవుని మాట చెప్పవచ్చని మార్గరెట్ ఫెల్ 1666లోనే జైల్లో ఉండి పుస్తకం అచ్చువేయించింది. వాళ్ల కమిటీలలో ఓట్లు వేయరు, అందరి మనసు ఒక్కటయ్యేదాకా ఆగుతారు. మన ఎలక్షన్ల గొడవలు తెలిసినవాళ్లకు ఇది చిన్న మాట కాదు.

వీళ్లు మనకు మరీ దూరం వాళ్లేమీ కాదు. మంచిర్యాలలో ఢిల్లీ రైలెక్కితే సేవాగ్రాం, నాగపూర్, ఇటార్సీ దాటాక నర్మద ఒడ్డున, ఒకప్పుడు హోషంగాబాద్ అని పిలిచిన నర్మదాపురం వస్తుంది. 19వ శతాబ్దంలోనే స్నేహితుల మిషను అక్కడ పని మొదలుపెట్టింది. ఆ పక్కనే రసూలియాలో గ్రామాల కోసం ఒక కేంద్రం నడిపారు. 1928లో మద్రాసుకు టీచరుగా వచ్చిన మార్జరీ సైక్స్ సేవాగ్రాంలోనూ, తర్వాత రసూలియాలోనూ సేవ చేశారు. యుద్ధబాధితులకు చేసిన సేవకుగాను 1947లో బ్రిటన్, అమెరికా స్నేహితుల రెండు సంస్థలకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మౌనంగా కూర్చునేవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోరని దీన్నిబట్టే తెలుస్తుంది.

అన్నిటిలో వాళ్లతో మేము ఏకీభవించం. వాళ్లలో చాలామంది నీటి బాప్తిస్మం, రొట్టె ద్రాక్షారసం ఆచరించరు. మనం ఆచరిస్తాం, విడిచిపెట్టం. మన డప్పు, మన భజన కూడా దేవుడిచ్చినవే. కానీ ఏలీయాతో దేవుడు గాలిలోనూ భూకంపంలోనూ మాట్లాడలేదని 1 రాజులు 19లో మనమే చదువుతాం. చదివి మళ్లీ సౌండు పెంచుతాం. మౌనం మన ఆరాధనకు కొత్తేమీ కాదు, మనం మరిచిపోయిన భాగం.

"మౌనంగా ఉంటే పిల్లలు అల్లరి చేస్తారు, పెద్దలు కునుకు తీస్తారు" అని కొందరన్నారు. నిజమే కావచ్చు. మా ప్రసంగంలోనూ కొందరు కునుకు తీస్తున్నారు కదా!

అందుకే వచ్చే ఆదివారం నుంచి వాక్యం తర్వాత పది నిమిషాలు మైకు ఆపుదామని మా ఆలోచన. ఆ పది నిమిషాలు పాస్టరు కూడా మాట్లాడడు. ఎవరికైనా ప్రార్థన అవసరముంటే కూర్చున్నచోటనే చెప్పవచ్చు. ఎవరూ మాట్లాడకపోతే అందరం కలిసి ప్రభువు ముందు ఊరకుందాం.

స్నేహితులకు "సలహాలు, ప్రశ్నలు" అనే చిన్న పుస్తకం ఉంది. అది ఆజ్ఞాపించడం కన్నా ఎక్కువగా అడుగుతుంది. మేమూ మిమ్మల్ని ఒక్కటే అడుగుతాం: మీ పక్కన చాప మీద కూర్చునే మనిషి గొంతు మీరు చివరిసారి ఎప్పుడు విన్నారు?

ఆ అక్క కొడుకు కోసం ఈ వారమంతా ప్రార్థించండి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.