చదివి వినిపించని పత్రము

మా బనగానపల్లెలో ఒక సెంటు ఇంటిస్థలము చేతులు మారవలెనన్నను రిజిస్ట్రారు కచ్చేరికి పోవలసినదే. అక్కడ దస్తావేజు వ్రాసినవాడు దానిని మొదటినుండి తుదివరకు చదివి వినిపించును. వ్రాసి యిచ్చువారికి చదువు రానిచో, చదివి వినిపించగా విని, సరియని యొప్పుకొని వేలిముద్ర వేసిరని క్రింద వ్రాయుదురు. ఆమీదట సబ్‌రిజిస్ట్రారు తలయెత్తి, ఇది నీవు ఒప్పుకొని వ్రాసి యిచ్చినదేనా యని యడుగును. నాలుగు మామిడిచెట్ల విషయమున ఇంత జాగరూకత వహించు మన సంఘము, ఒక స్త్రీ శరీరమునుండి గర్భకోశమును తొలగించుటకు సంతకము తీసికొనునపుడు ఆ రెండు నిమిషముల చదువును గూడ దండుగయని తలచుచున్నది.

ఇది ఊహించి వ్రాయుట కాదు. కొలది నెలల క్రిందట సమీపగ్రామమునుండి ఒక యిల్లాలు పొలము పాసుపుస్తకపు తగవు నిమిత్తము మాయొద్దకు వచ్చినది. వయస్సు ముప్పదియారు. కూలి చేసికొని బ్రదుకు మనిషి. ఆమె సంచిలోని కాగితములనడుమ ఒక ఆసుపత్రివారిచ్చిన ఇంగ్లీషు చీటీ కనబడినది. అది పాసుపుస్తకమునకు సంబంధించినదేమో యని ఆమెయే మా చేతికిచ్చి, "ఇందులో ఏం రాసినారో సెప్పండి సారూ" అని యడిగినది. చదివితిమి. గర్భసంచితోబాటు దాని కిరుప్రక్కల నుండు అండాశయములు రెండును తీసివేసిరని యందున్నది. ఆ మాట చెప్పగా ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "సంచి ఒక్కటే తీసినామన్యారు గదా సారూ" అన్నది. సంతకమెవరు చేసిరని యడిగితిమి. పెనిమిటి చేసెనట. ఆమెకు సంతకము చేయుట వచ్చును. పొదుపుసంఘపు పుస్తకములో నెలనెలయు చేయుచునేయున్నది. అక్కడ ఆమెను అడిగినవారు లేరు.

ఆ చికిత్స ఆమెకు అవసరమో కాదో తేల్చుటకు మేము వైద్యులము కాము. అవసరమే యయి యుండవచ్చును. మా ఆక్షేపణ అందునుగూర్చి కాదు. తన శరీరములో నేది యున్నదో, ఏది లేదో ఆమెకు ఒక వకీలు చెప్పవలసివచ్చెనే, అందునుగూర్చి. అండాశయములు తీసివేసినచో నడివయస్సు దాటినపిమ్మట మెల్లగా రావలసిన ముట్లుడుగుట ఒక్కనాటిలో వచ్చిపడును. ఒంటికి ఆవిరులు, నిద్రలేమి మొదలుకొని, ఎముకలు గుల్లబారుట, గుండెజబ్బు లెక్కువగుట వరకు దాని పర్యవసానములు కలవు. వీనిని కాచుకొనుటకు మార్గములును కలవు. కాని, పోయినదేదో తెలియనివారు కాచుకొనునది దేనిని? ఏడాదిగా కీళ్లనొప్పులకు నాటుమందు మ్రింగుచున్నానని ఆమె చెప్పినది. ఆ నొప్పులు దీనివలననే వచ్చినవని మేము చెప్పజాలము. ఏ వైద్యుని యొద్దకు పోయినను మొదట చెప్పవలసిన సంగతి ఆమెకే తెలియకుండెననుట మాత్రము నిజము.

ఇట్టివా రొకరిద్దరు కారు. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, పదునైదు మొదలు నలుబదితొమ్మిది యేండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటికి నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశములో ఇంచుమించు తొమ్మండుగురు, తెలంగాణములో ఎనమండుగురు. దేశములో మొదటి రెండు స్థానములును తెలుగువారివే! 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చినపిమ్మట ఈ శస్త్రచికిత్సలు మితిమీరినవని గగ్గోలు పుట్టగా, ప్రభుత్వమే వీనిని ప్రైవేటు ఆసుపత్రులనుండి తప్పించి ప్రభుత్వాసుపత్రులకు పరిమితము చేయవలసివచ్చెను. బీహారు, రాజస్థాను, ఛత్తీసుగఢ్ రాష్ట్రములలోని యిట్టి ఉదంతములనుగూర్చి వేసిన వ్యాజ్యములో సుప్రీముకోర్టువారు 2023 ఏప్రిలులో తీర్పు చెప్పుచు, అనవసరముగా గర్భకోశములు తీయుటను నివారించు కేంద్రప్రభుత్వ మార్గదర్శకములను మూడు నెలలలో అమలులో పెట్టవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించిరి.

చికిత్సకు ముందు చెప్పు మాట లెట్టివో ఈ ప్రాంతమున నెరుగని ఇల్లు లేదు. "బిడ్డలు చాలును గదా, ఇక సంచితో నేమి పని? ఉంచుకొన్న రేపు క్యాన్సరగును." ఇది వివరించుట కాదు, బెదరించుట. అధికరక్తస్రావమునకు మాత్రలున్నవని, గర్భసంచిలో నమర్చు మందుసాధనమున్నదని, క్యాన్సరు భయమున్నచో ముందుగా పరీక్ష చేసి చూడవచ్చునని చెప్పినపిమ్మట ఆమె "తీసివేయుడు" అన్నచో అది సమ్మతి. ఒక్క ద్వారము మాత్రము చూపి, లోనికి పొమ్మని త్రోసి, ఇష్టపడియే పోయినదనుట న్యాయము కాదు.

చట్టమేమనుచున్నది? ఢిల్లీలో 1995లో నలుబదినాలుగేండ్ల యవివాహిత యొకతె అధికరక్తస్రావమునకై వైద్యురాలియొద్దకు పోయినది. మత్తుమందిచ్చి లోన గొట్టము పెట్టి చూచి రోగనిర్ణయము చేయుటకు ఆమె యొప్పుకొన్నది. ఆమె మత్తులో నుండగా వైద్యురాలి సహాయకురాలు బయటికి వచ్చి, వృద్ధురాలగు తల్లిచేత వేరొక పత్రముమీద సంతకము చేయించుకొని పోయినది. గర్భసంచియు అండాశయములును తీసివేసిరి. సమీరా కోహ్లీ వ్యాజ్యమని పేరొందిన ఈ యభియోగమున సుప్రీముకోర్టువారు 2008 జనవరి 16వ తేదీన తీర్పు చెప్పిరి. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదు. యుక్తవయస్కురాలై, స్పృహ వచ్చినపిమ్మట తానే చెప్పగల స్త్రీకి బదులుగా తల్లియైనను సమ్మతి నీయజాలదు. చేయబోవు చికిత్స యెట్టిది, ఎందులకు, దానివలన మేలేమి, ముప్పేమి, వేరు మార్గము లేమి, చేయించుకొననిచో నేమగును, ఇవి యన్నియు ముందుగా తెలుపవలెను. ఆలస్యమైన ప్రాణమునకో ఆరోగ్యమునకో అపాయమున్న తరుణము మాత్రమే దీనికి మినహాయింపు. వైద్యురాలు సద్బుద్ధితోనే చేసెనని కోర్టువా రంగీకరించిరి. అయినను తప్పు తప్పే యనిరి. ఫీజు రాబట్టుకొనరాదని చెప్పి, నష్టపరిహార మిరువదియైదు వేల రూపాయలు నిర్ణయించిరి. సూత్రము గొప్పది, పరిహారము స్వల్పమని మేము చెప్పక తప్పదు.

ఈ సూత్రము నిన్నటిది కాదు. 1908లో న్యూయార్కు ఆసుపత్రిలో ఒక స్త్రీ, మత్తులో నుంచి పరీక్షించుటకు మాత్రమే యొప్పుకొని, కోయవలదని స్పష్టముగా చెప్పెనట. మేల్కొనుసరికి ఆమె గర్భకోశపు గడ్డను కోసివేసియుండిరి. 1914లో న్యాయమూర్తి కార్డోజో, తన శరీరమునకేమి జరుగవలెనో నిర్ణయించుకొను హక్కు బుద్ధి యెరిగిన ప్రతి మనుష్యునకు కలదని తీర్పులో వ్రాసెను. ధర్మాసుపత్రి యనెడి కారణమున ఆమె వ్యాజ్యము మాత్ర మోడిపోయినది. హక్కును స్థాపించినవారికే ఫలము దక్కకుండుట న్యాయస్థానములలో మేము తరచుగా చూచు వింత.

ఇక భర్త సంతకము మాట. 2002 నాటి వైద్యవృత్తి నియమావళిలో, సంతానహీనత కలుగజేయు శస్త్రచికిత్సకు భార్యాభర్తలిద్దరి సమ్మతియు కావలెనని యొక వాక్యము కలదు. ఇద్దరనిన ఇద్దరే. భార్యను వదలివేసి భర్తను మాత్రము పిలువుమని దాని యర్థము కానేరదు. అదియునుగాక, 2006లో కేంద్రప్రభుత్వము వెలువరించిన కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సా ప్రమాణములు దంపతులలో రెండవవారి సమ్మతి యక్కరలేదనియే చెప్పినవి. గర్భస్రావముల విషయమున 1971 నాటి చట్టము, పదునెనిమిదేండ్లు నిండి మతిస్థిమితము గల స్త్రీయొక్క సమ్మతి యొక్కటియే చాలునన్నది. 2022లో సుప్రీముకోర్టువారు దీనిని మరల నొక్కి చెప్పిరి. ఇన్ని యుండియు మన ఆసుపత్రుల గుమ్మములయొద్ద నేటికిని వినబడు పిలుపు "ఆమె తాలూకు మగవా రెవరు?" అనునదే.

న్యాయవాదులకు సుపరిచితమైన మరియొక న్యాయసూత్రమున్నది. ఘోషాస్త్రీ యొకతె తన యాస్తిని వ్రాసి యిచ్చినచో, ఆ పత్రమును ఆమెకు చదివి వివరించిరనియు, ఆమె గ్రహించి యిచ్చెననియు రుజువు చేయు భారము దానివలన లాభము పొందువానిమీదనే యుండునని ప్రీవీకౌన్సిలు నాటినుండి మన కోర్టులు నిర్ణయించుచు వచ్చినవి. ఘోషా లేకున్నను చదువు లేని స్త్రీలకు గూడ దీనిని వర్తింపజేసిరి. పొలమునకున్న ఈ రక్షణ దేహమునకు ఏల యుండరాదు? సంతకమున్నది గదా యని పత్రమును చూపుట చాలదు. ఎవరు, ఏ భాషలో, ఎప్పుడు చెప్పిరో ఆసుపత్రివారే చూపవలెను. ఇది చట్టములో ఈ విధముగా స్థిరపడినదని మేము చెప్పుట లేదు. స్థిరపడవలెననుచున్నాము.

వైద్యుల కష్టము మాకు తెలియనిది కాదు. ఒక ప్రొద్దులో పదులకొలది రోగులు, వారివెంట వచ్చి గదిలో నిండు బంధువులు. కాన్పులో రక్తము ఆగక ప్రాణము మీదికి వచ్చినపుడు పత్రములు చదువుచు కూర్చుండుమని యెవరును కోరరు. చట్టమును కోరదు. కాని మంగళవారము శస్త్రచికిత్సయని వారము ముందే తేదీ నిర్ణయించినవారికి తీరిక లేదనుట చెల్లదు. కుటుంబనియంత్రణ శిబిరములనుగూర్చి 2016 సెప్టెంబరులో సుప్రీముకోర్టువారు ఇచ్చిన తీర్పులో, విషయమంతయు స్థానికభాషలో వివరించి, మనసు మార్చుకొనదలచినవారికి ఇంచుమించు ఒక గంట వ్యవధి యీయవలెనని చెప్పిరి. మన ఊరిలో స్థానికభాష యనగా తెలుగొక్కటియే కాదు, ఉర్దూ యింట మాటాడు తల్లులెందరో కలరు.

కోత లేని సామాన్యపరీక్షలో గూడ ఇదే న్యాయము. బల్లమీద పరుండినది మొదలు, ఏమి చేయబోవుచున్నారో ఒక్క మాటయైన చెప్పక చేయి వేయుట, తెర లేకుండుట, నొప్పియనిన "కనునపుడు లేదా నొప్పి?" యని గద్దించుట: ఇవి నేరములుగా పోలీసు స్టేషనుకెక్కవు. కాని, రెండవసారి ఆ గుమ్మము తొక్కరాదని స్త్రీ నిశ్చయించుకొనునది ఇక్కడనే. 2019లో కేంద్రారోగ్యశాఖవారు రాష్ట్రములకు పంపిన రోగిహక్కుల పత్రములో, పురుషవైద్యుడు స్త్రీని పరీక్షించునపుడు మరియొక స్త్రీ దగ్గరనుండవలెనని కలదు. నర్సును పిలుచుటకు ఖర్చేమియు లేదు.

సమ్మతిని తేలికగా చూచినచో మంచిమందునకు గూడ చెడ్డపేరు వచ్చునని ఖమ్మము జిల్లా యుదంతము తెలుపుచున్నది. గర్భాశయముఖపు క్యాన్సరును నివారించు టీకాను 2009లో అక్కడి బాలికలకు వేసిరి. అందు పెక్కురు గిరిజన వసతిగృహములలోనివారు. తల్లిదండ్రులకు బదులు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు వేలకొలది పత్రములమీద సంతకములు చేసిరి. కొందరు బాలికలు మరణించుటతో అలజడి రేగి 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచిపోయెను. ఆ మరణములకు టీకాయే కారణమని తేలలేదు. కాని సంతకముల వ్యవహారమును 2013లో పార్లమెంటు స్థాయిసంఘమువారు తీవ్రముగా గర్హించిరి. ఆ టీకా పనిచేయునదే. లోకములో ననేకదేశములు తమ యాడుబిడ్డలకు వేయించుచున్నవి. తల్లుల నడిగి వేసియుండినచో వారి మనస్సులలో నంత శంక నాటుకొనెడిది కాదు.

పఠనమందిరములకు వచ్చు గృహస్థులు ఎవరైన ఆసుపత్రికి వెంట పోవునపుడు, కలము తమ చేతికిచ్చిన, దానిని ఆమె చేతికందించి, "ముందు ఆమెకు చెప్పుడు" అనవచ్చును. ఆమె పత్రములు ఆమెవే. పై నియమావళి ప్రకారము, అడిగిన డెబ్బదిరెండు గంటలలో నకళ్లీయవలెను, మూడేండ్లు భద్రపరుపవలెను. రుసుము తీసికొని చేసిన చికిత్స యైనచో, జిల్లా వినియోగదారుల కమిషనులో రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును.

పైన చెప్పిన యిల్లాలు ఫిర్యాదు చేయునో లేదో యింకను నిశ్చయించుకొనలేదు. "ముందు ఏం తీసినారో అంతా తెలుసుకుంటా సారూ" అన్నది. నకళ్ల కొరకు అర్జీ తెలుగులోనే వ్రాయించితిమి. మా గుమాస్తా చదివి వినిపించినాడు. ఊరిపేరు తప్పు పడినదని ఆమె చెప్పగా దిద్ది, మరల వ్రాసినపిమ్మట ఆమె సంతకము చేసినది.