చెవిలో వేసే జిగురు గురించి ముందే చెప్పాలి

చిన్నప్పటి నుండి చెవిలో చీము కారి, కర్ణభేరికి రంధ్రం పడినవారు మన బనగానపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నారు. కర్నూలుకో వేలూరుకో వెళ్లి ఆపరేషను చేయించుకుంటారు. చెవి పైభాగంలోని కండరం మీది పలుచని పొరను తీసి రంధ్రానికి అతికిస్తారు. అది కదలకుండా కొందరు సర్జన్లు ఫిబ్రిన్ గ్లూ అనే జిగురు వేస్తారు. "సిస్టరమ్మా, అది లోపల అట్లే ఉండిపోతాదా? రక్తంతో చేసినదంట గదా?" అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నలే.

ఇది చెప్పులు అతికించే జిగురు వంటిది కాదు. గాయమైనప్పుడు మన రక్తం గడ్డకట్టే పద్ధతే ఇది. దాతల ప్లాస్మా నుండి తీసిన ఫిబ్రినోజన్, త్రాంబిన్ అనే రెండింటిని చెవిలో కలిసేలా వదిలితే త్వరగా గట్టిపడుతుంది. తరువాత మన ఒంట్లోని ప్లాస్మినే దానిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. సుమారు రెండు వారాలలో పోతుంది. ఆలోగా పొర మన కండతో అతుక్కోవాలి. కనుక జిగురు ఉంది కదా అని ముక్కు గట్టిగా చీదవద్దు, చెవిలో నీళ్లు పోనివ్వవద్దు. నూనె, ఆకు పసరు సంగతి వేరే చెప్పాలా!

ఇక భయం సంగతి. హెపటైటిస్ వస్తుందని 1970ల చివరలో అమెరికా ప్రభుత్వం ఫిబ్రినోజన్ మందుల లైసెన్సులు రద్దు చేసింది. వైరస్‌లను చంపే శుద్ధి పద్ధతులు వచ్చాక 1998లో ఈ జిగురుకు అనుమతి ఇచ్చింది. అపాయం చాలా తగ్గింది గాని బొత్తిగా లేదనలేము. పార్వో వైరస్ బి19 శుద్ధికి అంత సులభంగా లొంగదు. అందుచేత గర్భిణులు ముందే డాక్టరుగారికి చెప్పాలి. జిగురు త్వరగా కరగకుండా కొన్ని రకాలలో పశువుల నుండి తీసిన అప్రోటినిన్ కలుపుతారు. దానిని రెండోసారి వాడితే ఎలర్జీ రావచ్చు. చెవిలో పెట్టే జెలటిన్ స్పాంజి కూడా కొన్ని కంపెనీలది పంది చర్మంతో చేసినదే.

ఇవన్నీ చెబితే రోగులు బెదిరిపోతారని కొందరంటారు. నేను ఒప్పుకోను. మన వార్డులో అన్ని మతాలవారూ ఉంటారు. తమ ఒంట్లోకి ఏమి పోతున్నదో సంతకం పెట్టకముందే తెలుగులో వినే హక్కు వారికున్నది. వద్దంటే జిగురు లేకుండా కూడా ఎన్నో చెవులు మానుతున్నాయి. సౌకర్యం ఉన్నచోట రోగి రక్తంతోనే జిగురు తయారుచేయవచ్చు. ఖరీదైన జిగురు వేశారు కాబట్టి ఆపరేషను గొప్పదనుకోవద్దు.

ఇంకొక మాట. సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కరును డిశ్చార్జి కాగితం మీద అంటించమని అడగండి. రెండో చెవికి ఆపరేషను అయ్యేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకుపోండి.