పాత విద్యకు కొత్త గిరాకీ



నార్త్ కరోలినాలో మన క్యారీలోనే ఉన్న సాఫ్ట్‌వేర్ సంస్థ శాస్ 1976లో మొదలైనప్పుడు కంప్యూటరుకు లెక్కలను ఎక్కువగా చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీదే అందించేవారు. ఒక్కో కార్డుకు 80 అక్షరాలే పట్టేవి. ఆ కార్డులు ఎప్పుడో మూలపడ్డాయి. అయినా శాస్ ప్రోగ్రాములో అంకెల వరసకు ముందు ‘కార్డ్స్’ అని రాస్తే, ఈనాటికీ అది పనిచేస్తుంది.

కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష కథా ఇలాంటిదే. 1990ల చివర్లో హైదరాబాద్ అమీర్‌పేటలో దాన్ని నేర్చుకుని, వైటూకే పని మీద మనవాళ్లెందరో అమెరికా వచ్చారు. రెండంకెల్లో రాసిన సంవత్సరాల చిక్కును విప్పడమే అప్పటి పని. 2000 వచ్చింది, ఆ గిరాకీ కాస్తా పడిపోయింది. ఇక కోబాల్‌కు నూకలు చెల్లాయనుకున్నారు. కానీ 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తి, కోబాల్‌తో నడిచే పాత యంత్రాలు తట్టుకోలేకపోతే, న్యూజెర్సీ గవర్నరే కోబాల్ తెలిసినవాళ్లు కావాలని అందరి ముందూ అడిగారు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి మన కొలువులకు ఎసరు పెడుతుందన్న దిగులు ఇంటింటా ఉంది. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అందుకే ఈ సంచికను మారుతున్న పనులకు కేటాయించాం. పాత విద్య తెలిసిన పెద్దలు దాన్ని పిల్లలకు నేర్పండి. కొలువు పోయిన ఇంటికి ముందుగా మీరే ఫోన్ చేయండి. మీ అనుభవాలు మాకు రాయండి, వచ్చే సంచికలో అచ్చువేస్తాం.

– సంపాదకుడు