లాంగాన్‌లో ఉన్నవాడికీ బుర్ర ఉంది

చెన్నూరులోనైనా, మందమర్రిలోనైనా, గోదావరిఖనిలోనైనా సెలవుల్లో టోర్నమెంటు జరిగే మైదానానికి పోతే ఫీల్డింగ్ సర్దుబాటు ఒకే తీరుగా కనిపిస్తుంది. ఓపెనర్లు ఎవరో ముందే తేలిపోతుంది. బౌలింగ్ ఎవరు వేస్తారన్న దాని మీద కాసేపు పంచాయితీ నడుస్తుంది. చివరికి మిగిలిన ఇద్దరు ముగ్గురిని చూపించి కెప్టెన్ అంటాడు: "వాణ్ని లాంగాన్‌ల నిలబెట్టు, బాల్ ఏరుకొస్తడు." ఫ్లెక్సీ మీద బహుమతుల జాబితా చూసినా అదే వరస. బెస్ట్ బ్యాట్స్‌మన్‌కు ఒక కప్పు, బెస్ట్ బౌలర్‌కు ఒకటి, మ్యాన్ ఆఫ్ ది సిరీస్‌కు అన్నిటికన్నా పెద్దది. బెస్ట్ ఫీల్డర్ పేరు ఉంటే ఉంటుంది, లేకుంటే అడిగేవాడు ఉండడు.

ఇది పిల్లల ఆటలో కనిపించే అలవాటేనని కొట్టిపారేయవచ్చు. కానీ పెద్దల ఆలోచనా ఇందుకు భిన్నంగా లేదు. ఫీల్డింగ్ ఎవరికైనా నేర్పించవచ్చు, అసలు ప్రతిభంటే బ్యాటూ బంతీ అని కోచింగ్‌కు పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులు నమ్ముతారు, కోచ్‌లూ నమ్ముతారు. హైదరాబాద్ ఆటంటే మణికట్టు సొగసు, ఫీల్డింగ్ మన తత్వానికి పడదు అన్న మాట దీనికి తోడు. ఈ రెండు నమ్మకాలూ తప్పు. వాటి నష్టం ఎక్కువగా పడేది నెట్లు లేని, టర్ఫ్ పిచ్ చూడని జిల్లా పిల్లల మీద.

ముందు హైదరాబాద్ సంగతే చూద్దాం. 1956లో హైదరాబాద్ స్కూల్స్ జట్టుకు ఒక కుర్రాణ్ని ఎంపిక చేశారు. సెలక్టర్లను మెప్పించింది అతని బ్యాటింగ్ కాదు, ఫీల్డింగ్. ఆ కుర్రాడు కేరళ మీద 82 పరుగులు చేసి, బెస్ట్ ఫీల్డర్ బహుమతి కూడా తెచ్చుకున్నాడు. అతనే సయ్యద్ అబిద్ అలీ. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో తొలి టెస్టు ఆడి 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. 1971లో ఓవల్‌లో భారత్ ఇంగ్లండ్ గడ్డ మీద తొలిసారి సిరీస్ గెలిచినప్పుడు గెలుపు పరుగులు అతని బ్యాట్ నుంచే వచ్చాయి. 29 టెస్టుల్లో 1018 పరుగులు, 47 వికెట్లు, 32 క్యాచ్‌లు. ఆ రోజు ఫీల్డింగ్‌కు విలువ కట్టే సెలక్టర్ ఒక్కడూ లేకపోతే మిగతా అంకెలు పుట్టేవే కావు. ఈ ముక్క మన క్రికెట్ చరిత్రలో పాదసూచికగా కూడా కనపడదు.

అరవైల హైదరాబాద్ రంజీ జట్టులో అబిద్ అలీ ఒంటరివాడు కాదు. కెప్టెన్ ఎం.ఎల్. జైసింహ చొక్కా కాలరు గురించీ, మెడలోని రుమాలు గురించీ కథలు కథలుగా చెప్పుకుంటారు. అతని ఫీల్డింగ్ గురించి చెప్పేవారు తక్కువ. ఆ జట్టులోనే మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ ఆడాడు. 1961లో కారు ప్రమాదంలో కుడికన్ను చూపు పోయింది. ఒంటికన్నుతో బంతి దూరాన్ని అంచనా వేయడం ఎంత కష్టమో కన్ను మూసుకుని గోడకు కొట్టిన బంతిని పట్టి చూస్తే తెలుస్తుంది. అయినా కవర్స్‌లో ఆ రోజుల్లో దేశంలో అతనికి సాటి వచ్చినవారు అరుదు. దేశంలోని మేటి ఫీల్డర్లలో ముగ్గురు ఒకే రాష్ట్ర జట్టులో ఆడుతుంటే, ఆ రాష్ట్రానికి ఫీల్డింగ్ తత్వం లేదని చెప్పడానికి ఎంత మరపు కావాలి?

తర్వాత అజహరుద్దీన్. మణికట్టు అనగానే అతని పేరే వస్తుంది, సరే. కానీ 334 వన్డేల్లో 156 క్యాచ్‌లు పట్టి, ఆట మానే నాటికి ప్రపంచ రికార్డు తన పేర ఉంచుకున్నవాడూ అతనే. భారత్ తరఫున ఆ లెక్కను విరాట్ కోహ్లీ దాటడానికి 2025 ఫిబ్రవరి దాకా పట్టింది. టెస్టుల్లో 99 ఆడి 105 క్యాచ్‌లు. పాయింట్‌లో ఒంటి చేత్తో బంతి ఎత్తి, వంగిన నడుము లేపకుండానే కింది నుంచి వికెట్ల మీదికి విసిరే ఆ తీరు టీవీలో చూసిన తరం ఇంకా ఉంది. వి.వి.ఎస్. లక్ష్మణ్ అంటే 281 గుర్తొస్తుంది. 134 టెస్టుల్లో 135 క్యాచ్‌లు, అవీ ఎక్కువగా స్లిప్పులో, ఎవరికి గుర్తు?

ఇంకో ఉదాహరణ ఇప్పటిదే. 2014 నుంచి 2021 దాకా భారత జట్టుకు ఫీల్డింగ్ నేర్పిన ఆర్. శ్రీధర్ హైదరాబాద్ రంజీ జట్టు మాజీ ఎడమచేతి స్పిన్నర్. అతని తర్వాత ఆ పనిలోకి వచ్చిన టి. దిలీప్ కూడా హైదరాబాద్ వాడే, ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఒక్కటీ ఆడనివాడు. 2023 ప్రపంచకప్‌లో డ్రెస్సింగ్ రూంలో మ్యాచ్‌కో ఫీల్డింగ్ పతకం ఇచ్చి, కోట్ల సంపాదన ఉన్న ఆటగాళ్లను బడిపిల్లల్లా గంతులేయించింది అతనే. జాతీయ జట్టుకు వరసగా ఇద్దరు ఫీల్డింగ్ గురువుల్ని ఇచ్చిన ఊరు, తన సొంత జిల్లాల పిల్లల్ని ఎంచేటప్పుడు మాత్రం ఆ విద్యను లెక్కలోకి తీసుకోదు.

ఎందుకు తీసుకోదు? స్కోరుబుక్కులో దానికి గడి లేదు గనక. క్యాచ్ పడితే పేరు రాస్తారు. రనౌట్ చేస్తే రాస్తారు. లాంగాన్ నుంచి ఇరవై గజాలు ఉరికి, నాలుగు పోవాల్సిన బంతిని ఒకటికి ఆపితే ఏమీ రాయరు. ఆ ఒక్క పరుగూ బ్యాట్స్‌మన్ ఖాతాలో, బౌలర్ ఖాతాలో పడుతుంది, ఆపినవాడి ఊసే ఉండదు. అన్యాయం అంతటితో ఆగదు. చురుకైనవాడు దూరపు బంతికి చేరి వేళ్ల చివర దాన్ని వదిలేస్తే "క్యాచ్ వదిలిండు" అంటారు. మందకొడివాడు నాలుగు అడుగులు కదిలి బంతి రెండో టప్పా పడేదాకా ఆగితే ఎవరూ ఏమీ అనరు. వదిలిన క్యాచ్‌లు మాత్రమే లెక్కపెట్టే పద్ధతిలో కదలనివాడే మంచి ఫీల్డర్.

బేస్‌బాల్ వాళ్లు ఈ గోతిలో చాలాకాలం పడి ఉన్నారు. ఫీల్డర్ చేసిన తప్పులనే లెక్కగట్టేవాళ్లు, చేరలేకపోయిన బంతులను కాదు. 2015 నుంచి అమెరికాలోని మేజర్ లీగ్ మైదానాలన్నిట్లో కెమెరాలు పెట్టి, బంతి గాల్లో ఉన్న సమయంలో ఔట్‌ఫీల్డర్ ఎంత దూరం ఉరికాడో కొలుస్తున్నారు. బంతి బ్యాట్‌ను తాకాక మొదటి అడుగు ఎటు వేశాడు, ఎంత త్వరగా వేశాడు అన్నది క్యాచ్‌కు ఎంతో కీలకమని ఆ కొలతలు చూపించాయి. అంటే కాళ్ల కన్నా ముందు కదిలేది బుర్ర.

బుర్ర మాట దగ్గరే అమెరికా కథ మనకు పనికొస్తుంది. అక్కడ నల్లజాతి పిల్లలకు మిగతా కాలేజీల తలుపులు మూసి ఉన్న రోజుల్లో వాళ్ల కోసం పుట్టిన కాలేజీలు ఉన్నాయి: లూసియానాలో గ్రాంబ్లింగ్, సదరన్, ఫ్లోరిడాలో ఏ అండ్ ఎం లాంటివి. వాటి నుంచి వచ్చిన గొప్ప బేస్‌బాల్ ఆటగాళ్లలో ఔట్‌ఫీల్డర్లు చాలామంది. "వాళ్లకు పరుగు పుట్టుకతో వస్తుంది" అని ప్రేక్షకులు మెచ్చుకునేవారు. 1970లో జాన్ లాయ్, జోసెఫ్ మెకెల్వోగ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఈ మెచ్చుకోలు వెనక ఉన్నదాన్ని తవ్వారు. బేస్‌బాల్‌లో నల్లజాతి ఆటగాళ్లు ఔట్‌ఫీల్డ్‌లోనే గుంపుగా ఉన్నారు. ఆటను నడిపే పిచ్చర్, క్యాచర్ స్థానాల్లో అరుదు. నడి మైదానం ఆలోచించేవాడిది, అంచు ఉరికేవాడిది అన్న పంపకం అది. చెన్నూరు కెప్టెన్ నోటి "బాల్ ఏరుకొస్తడు"లో జాతి లేకపోవచ్చు, కానీ పంపకం అదే.

గ్రాంబ్లింగ్‌లో చదివిన టామీ ఏజీ ఆ పంపకం ఎంత బోలుదో ఒక్క మధ్యాహ్నంలో చూపించాడు. 1969 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో న్యూయార్క్ మెట్స్ సెంటర్ ఫీల్డర్‌గా నాలుగో ఇన్నింగ్స్‌లో ఎడమ వైపు గోడ దాకా ఉరికి ఒకటి, ఏడో ఇన్నింగ్స్‌లో మూడు బేసులూ నిండి ఉండగా కుడి వైపు నేల మీద పడి ఇంకొకటి పట్టాడు. ఆ రెండూ జారితే ఐదు పరుగులు పోయేవి. మెట్స్ గెలిచింది 5–0తో. అదే మ్యాచ్ మొదట్లో అతను హోమ్‌రన్ కూడా కొట్టాడు, కానీ అమెరికా ఇప్పటికీ చెప్పుకునేది ఆ క్యాచ్‌లనే. ఫ్లోరిడా ఏ అండ్ ఎం నుంచి వచ్చిన ఆండ్రే డాసన్ ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లోవ్‌లు 8, మార్క్విస్ గ్రిసమ్ 4 గెలిచారు. 2023లో ఈ కాలేజీల ఆటగాళ్ల కోసం ప్రత్యేక ప్రదర్శన మ్యాచ్ మొదలుపెట్టించిన కెన్ గ్రిఫీ జూనియర్ కూడా 10 గోల్డ్ గ్లోవ్‌ల సెంటర్ ఫీల్డరే.

డాసన్ కథలో మనకు ఇంకా దగ్గరి ముక్క ఉంది. బడిలో ఫుట్‌బాల్ ఆడేటప్పుడే అతని మోకాలు దెబ్బతింది. మాంట్రియల్ స్టేడియంలోని కృత్రిమ పచ్చిక మీద ఏళ్లకేళ్లు ఉరికేసరికి రెండు మోకాళ్లూ అరిగాయి. 1987లో పచ్చగడ్డి ఉన్న షికాగోలో ఆడటానికి, జీతం గడి ఖాళీగా వదిలేసి, అంకె మీరే వేసుకోండని కాంట్రాక్టు ఇచ్చేశాడు. ఆ ఏడాదే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఫీల్డర్‌కు నేల ఎంత ముఖ్యమో ఇంతకన్నా గట్టిగా చెప్పే సాక్ష్యం దొరకదు.

ఇక ఉత్తర తెలంగాణ నేల. నల్లరేగడి అయితే ఎండాకాలం నెర్రెలు వాస్తుంది, బంతి ఎటు లేస్తుందో చెప్పలేం. మొరం పోసిన కాలేజీ గ్రౌండైతే డైవ్ చేసినవాడి మోచేయి తోలు ఊడుతుంది. "పేద పిల్లలకు ఫీల్డింగ్ తేలిక, బ్యాటూ ప్యాడ్లూ అక్కర్లేదు కదా" అనే జాలి మాట కూడా అందుకే తప్పు. ఇది "పుట్టుకతో వస్తుంది" అన్న మాటకు చుట్టమే. పచ్చిక లేనిచోట పిల్లవాడు డైవ్ నేర్చుకోడు. నేర్చుకోలేదు గనక పట్నం ట్రయల్స్‌లో మొద్దులా కనిపిస్తాడు. "జిల్లా పిల్లలు ఫిట్ కారు" అని మళ్లీ అదే పాట. శిక్షణ దొరికితే ఏమవుతుందో ఇంకోచోట చూశాం: మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు వాళ్లు సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి బండ మీద, ఆపైన డార్జిలింగ్‌లో శిక్షణ ఇచ్చాకే వాళ్లను పంపారు. గిరిజన, దళిత పిల్లలకు కొండలెక్కడం సహజమేలే అని ఊరుకుని ఉంటే ఆ ఇద్దరూ భువనగిరి బండ కూడా ఎక్కేవారు కాదు.

"ఎన్ని చెప్పినా మ్యాచ్‌లు గెలిపించేది పరుగులూ వికెట్లే కదా" అనేవారికి ఈ మధ్యవే మూడు సంగతులు. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్, చివరి ఓవర్‌లో దక్షిణాఫ్రికాకు 16 కావాలి. మొదటి బంతినే మిల్లర్ లాంగాఫ్ మీదికి లేపాడు. సూర్యకుమార్ తాడు దగ్గర పట్టి, గాల్లోకి విసిరి, బయటికి పోయి, మళ్లీ లోపలికి వచ్చి పట్టాడు. అది సిక్సయితే 5 బంతుల్లో 10. భారత్ గెలిచింది 7 పరుగులతో. 2025 నవంబరు 2న మహిళల ప్రపంచకప్ ఫైనల్‌లో సెంచరీ చేసి నిలిచిన దక్షిణాఫ్రికా బ్యాటర్ వోల్వార్ట్ కొట్టిన బంతిని అమన్‌జోత్ కౌర్ రెండుసార్లు జార్చుకుని మూడోసారి ఒడిసిపట్టింది.

మూడోది మనవాడిదే, తిరగబడిన ఉదాహరణ. 2025 ఆగస్టు 3న ఓవల్‌లో ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా మహమ్మద్ సిరాజ్ బౌండరీ దగ్గర క్యాచ్ పట్టి, ఒక అడుగు వెనక్కి వేసి తాడు తొక్కాడు. బ్రూక్ 111 దాకా పోయాడు. ఒక్క అడుగు ఖరీదు 92 పరుగులు. మర్నాడు సిరాజ్ ఐదు వికెట్లు పూర్తి చేసి 6 పరుగులతో గెలిపించాడు కాబట్టి ఆ అడుగును దేశం క్షమించింది. బౌలింగ్ రానివాడు అదే తాడు తొక్కి ఉంటే?

తెలంగాణ అంతటి తరఫున రంజీలో ఆడే జట్టు పేరు ఇప్పటికీ హైదరాబాదే. జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు ట్రయల్స్‌లో దొరికేది నెట్‌లో కాసిన్ని బంతులు. అంతలో బ్యాటింగ్ తెలిసిపోతుందని నమ్మేవారు, పది ఎత్తు క్యాచ్‌లు, పది ఉరుకు క్యాచ్‌లు, లాంగాన్ నుంచి పది త్రోలు పెట్టి మార్కులు వేయడానికి టైం లేదంటే నమ్మశక్యం కాదు. దానికి కెమెరాలు అక్కర్లేదు. ఒక స్టాప్‌వాచ్, ఒక పుస్తకం, కూర్చుని రాసే మనిషి చాలు. జిల్లా టోర్నమెంట్లలో స్కోరర్ పక్కన ఇంకో కుర్చీ వేసి, ఆపిన పరుగులు రాయించవచ్చు. ఈ పనులన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది: చెన్నూరు లాంటి చోట్ల కనీసం ఒక మైదానం ఔట్‌ఫీల్డ్‌లో రాళ్లు ఏరించి, బోరు వేసి, గడ్డి పెంచడం. నెట్లకు, ఫ్లడ్‌లైట్లకు శంకుస్థాపనలు చేసే నాయకులు గడ్డికి రిబ్బన్ కత్తిరించిన దాఖలా లేదు.