పణం పేరు చెప్పని జూదం

మహాభారత సభాపర్వంలోని ద్యూత ఘట్టం తెలుగువారికి సుపరిచితమే. పాచికలు పడే ముందు ప్రతిసారీ ధర్మరాజు తాను ఒడ్డుతున్నదేమిటో సభాముఖంగా ప్రకటిస్తాడు. మణిహారం, బంగారు నాణేల రాశులు, రథం, ఏనుగులు, గుర్రాలు, ఇలా ఒక్కొక్కదానిని పేరు చెప్పి మరీ ఒడ్డాడు. అన్నీ పోగొట్టుకున్న మాట నిజమే. అయినప్పటికీ ఆ ఆటకు ఒక నియమముంది: పణమేమిటో పలకనిదే పాచిక కదలదు. పలుకుకూ పాచికకూ నడుమ మనసు మార్చుకొనే వ్యవధి కొద్దిగానైనా ఉండేది. ఆట సాగుతుండగా విదురుడు లేచి హితవు చెప్పగలిగాడంటే అందుకు కారణం ఆ పణాలు అందరికీ వినబడుతూ ఉండడమే.

ఫోనులోని వాలెట్‌ను ఆన్‌లైన్ ఆటల ఖాతాతో ఒక్కసారి అనుసంధానం చేసినప్పుడు తొలగిపోయేది సరిగ్గా ఆ వ్యవధే. పణం పేరు ఎవ్వరూ పలకరు. పక్క గదిలో ఉన్నవారికి కూడా ఏమీ వినబడదు.

జెర్సీ సిటీలో నివసించే తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. న్యూజెర్సీ రాష్ట్రంలో చట్టబద్ధమైన కాసినోలు 1978లో అట్లాంటిక్ సిటీలో ప్రారంభమయ్యాయి. జర్నల్ స్క్వేర్ నుండి అక్కడికి వెళ్ళాలంటే రెండు గంటలకు పైగా ప్రయాణం. సెలవు దొరకాలి, ఇంట్లో చెప్పాలి, చేతిలో నగదు ఉండాలి. 2013 ఫిబ్రవరిలో రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని అనుమతిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది నవంబరులో ఆటలు మొదలయ్యాయి. 2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో క్రీడా పందేలకూ తలుపు తెరుచుకుంది. న్యూయార్కులో 2022 జనవరి వరకు ఫోను ద్వారా పందేలకు అవకాశం లేనందున, అక్కడివారు కొందరు పాత్ రైలులో హడ్సన్ నదిని దాటి, ఈ ఒడ్డున పందెం కట్టి తిరిగి వెళ్ళేవారు. వారికి కనీసం ఒక నది అడ్డముండేది. ఈ ఒడ్డున కాపురముండేవారికి ఆ నది కూడా లేదు.

ఆటల ఖాతాలు రెండు విధాలు. డబ్బు ఒడ్డి డబ్బు గెలవజూసే కాసినో ఆటలు, క్రీడా పందేలు మొదటి కోవకు చెందినవి. న్యూజెర్సీలో వీటికి 21 ఏళ్ళు నిండి ఉండాలి. రెండవ కోవవి పిల్లలు ఆడుకొనే ఆటలు. వీటిలో ఆటకు ప్రవేశం ఉచితమైనా, లోపలి నాణేలనూ, వేషాలనూ, ఏముందో తెరిచేవరకు తెలియని పెట్టెలనూ అసలు డబ్బుతో కొనవలసి వస్తుంది. చట్టం ఈ రెండింటినీ వేరుగా చూస్తుంది. వాలెట్‌కు మాత్రం ఆ భేదం తెలియదు.

ఇంతకూ అనుసంధానంలో జరిగేదేమిటి? ఫోనులో కార్డును చేర్చినప్పుడు అసలు సంఖ్యకు బదులుగా టోకెన్ అనే ప్రత్యామ్నాయ సంఖ్య ఏర్పడుతుంది. దుకాణంలో ఫోను చూపి చెల్లించినప్పుడు ఆ టోకెన్‌తోపాటు ఆ ఒక్క లావాదేవీకే చెల్లుబాటయ్యే రహస్య సంకేతం వెళుతుంది. మధ్యలో ఎవరైనా దానిని అపహరించినా రెండవసారి ఉపయోగపడదు. ఇది గణితశాస్త్రం సాధించిన మెచ్చదగిన రక్షణ. ఆటల ఖాతాతో శాశ్వతంగా ముడిపెట్టడం ఇంకొక రకం ఏర్పాటు. అక్కడ యజమాని ఒకసారి సమ్మతి తెలుపుతాడు; ఆ సమ్మతికి గుర్తుగా ఆట నడిపే సంస్థ చేతిలో ఒక తాళపుచెవి మిగులుతుంది. అమరికను బట్టి, తరువాతి చెల్లింపులకు ఆ చెవి ఒక్కటే చాలవచ్చు. దొంగను ఆపడానికి నిర్మించిన కోట ఇది. కోట లోపల ఉన్న యజమాని అర్ధరాత్రి విచక్షణ కోల్పోయినా, ఆయన పదేళ్ళ కుమారుడు తెరపై బొమ్మను నొక్కినా, అది అడ్డు చెప్పదు.

రసాయన శాస్త్రంలో దీనికి దగ్గరి పోలిక ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నీరుగానూ ఆక్సిజన్‌గానూ విడిపోవడం దాని సహజ గుణం. అయితే ఆ చర్యకు ముందు దాటవలసిన శక్తి అవరోధం ఒకటి ఉంది. దానినే ఉత్తేజన శక్తి అంటారు. ఆ అవరోధం వల్లనే సీసాలోని ద్రావణం నెలల తరబడి నిలుస్తుంది. చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ వేస్తే క్షణంలో నురగలు పొంగుతాయి. ఆ పొడి పెరాక్సైడ్‌కు కొత్త గుణమేమీ ఇవ్వలేదు. అవరోధం తక్కువగా ఉండే మరొక దారి చూపింది. పైగా ఉత్ప్రేరకం చర్యలో ఖర్చు కాదు. చివర ఎంత వేశామో అంతే మిగిలి, తరువాతి మోతాదు కోసం సిద్ధంగా ఉంటుంది. వాలెట్ అనుసంధానం కూడా ఎవరిలోనూ లేని ఆశను పుట్టించదు. ఉన్న ఆశకు దారి సుగమం చేస్తుంది, ప్రతి చెల్లింపు తరువాతా చెక్కు చెదరక నిలిచి ఉంటుంది.

ఇది ఊహాగానం కాదు. పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఆటలలో చేసిన కొనుగోళ్ళపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పలుమార్లు చర్య తీసుకుంది. ఒకసారి సంకేతపదం ఇచ్చిన తరువాత 15 నిమిషాల పాటు మళ్ళీ అడగకుండానే కొనుగోళ్ళు సాగేవన్నది ఆపిల్ సంస్థపై వచ్చిన ఆరోపణ. 2014 జనవరిలో ఆ సంస్థ కనీసం 3 కోట్ల 25 లక్షల డాలర్లు వాపసు చేయడానికి అంగీకరించింది. అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ 1 కోటి 90 లక్షల డాలర్లకు ఒప్పుకుంది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆట నడిపే ఎపిక్ సంస్థ 24 కోట్ల 50 లక్షల డాలర్ల వాపసుకు సమ్మతించింది. ఒక్క మీట నొక్కుతోనే, ఆట తెరుచుకుంటున్న సమయంలో కూడా, అనుకోని కొనుగోళ్ళు జరిగాయన్నది కమిషన్ వాదన. ఈ ఫిర్యాదులలో కొనుగోలు చేసింది దొంగలు కారు, ఇంటి పిల్లలూ ఆటగాళ్ళూనే.

స్వదేశంలోనూ ఇదే ప్రశ్న మరొక రూపంలో తలెత్తింది. 1960ల చివర సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో భారత సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా పేర్కొన్నది. ఆనాటి రమ్మీకి బల్ల, ఎదురుగా మనిషి, జేబులోంచి తీయవలసిన నోటు ఉండేవి. ఫోనుకు ఇవేవీ అక్కరలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధిస్తూ చట్టాలను సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న చర్చను పక్కన పెట్టి, డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలనే నిషేధించింది. వాటికి చెల్లింపులు జరపరాదని బ్యాంకులనూ చెల్లింపు సంస్థలనూ శాసించింది. బ్రిటన్ 2020 ఏప్రిల్‌లో ఆటలను ఉండనిస్తూ, జూదానికి క్రెడిట్ కార్డు వాడకాన్ని మాత్రం నిషేధించింది. ఈ రెండు దేశాల మార్గాలు వేరైనా, ఇరువురూ చెయ్యి వేసింది ఆటకూ డబ్బుకూ మధ్యనున్న ముడి మీదనే.

వయోజనుడు తన సంపాదనను తనకు నచ్చినట్లు ఖర్చు చేసుకోవడం అతని స్వేచ్ఛ అని వాదించేవారున్నారు. ఆ వాదన త్రోసిపుచ్చదగినది కాదు. వాలెట్ వల్ల కార్డు సంఖ్య పరుల చేతికి పోదన్నదీ, ప్రతి పైసాకూ లెక్క మిగులుతుందన్నదీ సత్యాలే. అయితే ప్రతిసారీ నిర్ణయించుకొనే హక్కును కూడా స్వేచ్ఛ అనే అంటారు. ఒక్క సాయంత్రం ఇచ్చిన సమ్మతితో ఆ తరువాతి సాయంత్రాలన్నింటినీ అమ్ముకోవడం స్వేచ్ఛను పెంచదు. పైగా జీతం జమయ్యే ఖాతాకే వాలెట్ ముడిపడి ఉన్న ఇంట్లో పణమయ్యేది ఒక్కరి సొమ్ము కాదు. బిడ్డ కళాశాల రుసుమూ, ఊళ్ళోని తల్లిదండ్రుల మందుల ఖర్చూ అందులోనే ఉన్నాయి.

కనుక, చట్టం అనుమతించిన చోట అవరోధాన్ని కుటుంబమే నిర్మించుకోవాలి. పెరాక్సైడ్‌ను ముదురు రంగు సీసాలో, స్థిరీకరణ ద్రవ్యం కలిపి అమ్ముతారు. ఇంటికీ అటువంటి జాగ్రత్త తగును. ఆటల ఖాతాకు ప్రధాన బ్యాంకు ఖాతాను ముడిపెట్టరాదు. అవసరమనుకుంటే నిర్ణీతమైన చిన్న మొత్తం గల కార్డును విడిగా ఉంచాలి. ప్రతి కొనుగోలుకూ సంకేతపదం అడిగేలా ఫోనును అమర్చాలి. ఆటను ఫోనులోంచి తొలగించినంత మాత్రాన ముడి వీడిపోదు; వాలెట్‌లోని స్వయంచాలక చెల్లింపుల జాబితా తెరిచి, ఆ అనుమతిని ప్రత్యేకంగా రద్దు చేయాలి. న్యూజెర్సీలో అనుమతి పొందిన జూద సంస్థలలో జమకు పరిమితి విధించుకొనే వీలుంది. తనను ఆడనివ్వవద్దని కోరుతూ రాష్ట్రం నిర్వహించే జాబితాలో ఎవరికి వారే పేరు చేర్చుకోవచ్చు. వ్యసనం ముదిరినవారికి 1-800-426-2537 సంఖ్యలో సహాయం లభిస్తుంది.

అన్నింటికన్నా కష్టమైనది ఇంట్లో మాట్లాడడం. పరువు పోతుందన్న భయంతో నష్టాన్ని దాచేవారు ప్రతి సమాజంలోనూ ఉంటారు, తెలుగువారు ఇందుకు మినహాయింపు కారు. నెలకొకసారి భార్యాభర్తలిద్దరూ కూర్చుని వాలెట్ లెక్కను బిగ్గరగా చదువుకుంటే, ఫోను మింగివేసిన పణం పేరు మళ్ళీ ఇంట్లో వినబడుతుంది. విన్నవారిలో విదురుని వలె మాట్లాడగలిగేవారు ఒకరైనా ఉండకపోరు.